లా పట్టా, స్పోర్ట్స్ డెస్క్: రెండు పడవల మీద కాళ్లు పెట్టొచ్చా?

కవర్‌డ్రైవ్_కాకినాడ | శనివారం రాత్రి 8:10
బీఏ చివరి సెమిస్టర్. ఇంట్లో మూడేళ్ల ఎల్ఎల్‌బీ చేయమంటున్నారు, నాకేమో స్పోర్ట్స్ జర్నలిజం మీద మనసు. అడగాల్సినవి మూడు. లాయర్‌గా నమోదైతే పత్రికలో ఉద్యోగం చేయొచ్చా? ఎల్ఎల్‌బీ, జర్నలిజం రెండూ ఒకేసారి చదవొచ్చా? స్పోర్ట్స్ లా అనేది మన దగ్గర నిజంగా ఉందా, లేక యూట్యూబ్ థంబ్‌నెయిళ్లలోనేనా?

నల్లకోటు | శనివారం రాత్రి 8:52
మొదటి ప్రశ్నకి జవాబు చెప్పే ముందు మూడు మాటలు విడదీసుకోండి. ఎల్ఎల్‌బీ పట్టా వేరు, బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంట్ వేరు, ప్రాక్టీస్ వేరు. పట్టా మాత్రమే ఉంటే ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు, ఎవరూ అడగరు. రోల్ (న్యాయవాదుల జాబితా) మీద పేరెక్కాక బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు వర్తిస్తాయి. 49వ నియమం ప్రకారం ప్రాక్టీస్ చేస్తున్న న్యాయవాది ఎవరి దగ్గరా పూర్తికాలం జీతగాడిగా ఉండకూడదు. ఉద్యోగంలో చేరితే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి తెలియజేసి ప్రాక్టీస్ ఆపేయాలి.

ఇక్కడే చాలామంది 51వ నియమం చూపించి వాదిస్తారు. అందులో ప్రసారాలు, జర్నలిజం, ఉపన్యాసాలు, బోధన చేసుకోవచ్చని రాసే ఉంది. కానీ ఆ మాటలకు ముందే ప్రకటనల మీద, పూర్తికాల ఉద్యోగం మీద ఉన్న నిషేధాలకు లోబడి అని ఉంటుంది. ఆ ముక్క వదిలేసి చదువుతారు. అంటే కాలమ్ రాయొచ్చు, పత్రికకి వార్తల న్యాయపరమైన వెట్టింగ్ (అచ్చుకి ముందు పరిశీలన) చేసిపెట్టొచ్చు. రిపోర్టర్‌గా గుర్తింపు కార్డు వేసుకుని తిరగడం మాత్రం వేరే సంగతి. 2024లో ఒక న్యాయవాది విలేకరిగా కూడా పనిచేస్తున్న విషయం సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. అలా కుదరదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చెప్పింది, ఆయన జర్నలిజం మానుకుంటానని హామీ ఇచ్చారు. కాబట్టి రెండు కార్డులూ జేబులో పెట్టుకుని తిరిగే ఆలోచన వదిలేయండి.

బేర్‌యాక్ట్ | శనివారం రాత్రి 9:20
పై దానికి చిన్న చేర్పు. రోల్ మీద ఉన్నవాళ్లు ఉద్యోగంలో చేరేటప్పుడు లైసెన్సు పోగొట్టుకోనక్కర్లేదు. రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి దరఖాస్తు పెట్టి ప్రాక్టీస్‌ని తాత్కాలికంగా నిలిపివేయించుకోవచ్చు. ఉద్యోగం వదిలాక మళ్లీ దరఖాస్తు పెట్టి పునరుద్ధరించుకోవచ్చు. చెప్పకుండా రెండూ నడిపి, తర్వాత ఎవరో ఫిర్యాదు చేస్తే అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన కిందికి వస్తుంది. అక్కడ "తెలియదండీ" అనే మాట చెల్లదు.

రెండో ప్రశ్న. 2022లో యూజీసీ రెండు డిగ్రీలు ఒకేసారి చేసుకోవచ్చంది కదా అని ఎంసీజే (జర్నలిజం పీజీ), ఎల్ఎల్‌బీ రెండింట్లో సీటు తీసుకోకండి. లా కోర్సుకి బార్ కౌన్సిల్ 2008 లీగల్ ఎడ్యుకేషన్ నియమాలు విడిగా ఉన్నాయి. అవి రెండు రెగ్యులర్ కోర్సులు ఒకేసారి చదవడాన్ని నిషేధిస్తాయి. మినహాయింపు రెండింటికే: భాష, కంప్యూటర్ లాంటి స్వల్పకాలిక పార్ట్‌టైమ్ సర్టిఫికెట్లు, విశ్వవిద్యాలయాల దూరవిద్యా కేంద్రాలు నడిపే కోర్సులు. కాబట్టి ఎల్ఎల్‌బీ రెగ్యులర్‌గా, జర్నలిజం డిప్లొమా దూరవిద్యలో, ఆ దారి ఉంది. తిరగేసి చేద్దామంటే కుదరదు, దూరవిద్యలో చేసిన ఎల్ఎల్‌బీతో ఎన్‌రోల్ కాలేరు.

ఓయూ_క్యాంటీన్ | శనివారం రాత్రి 9:41
తమ్ముడూ, ఎంట్రెన్స్ సంగతి నేను చెప్త. లాసెట్ రెండు రాష్ట్రాలకు వేర్వేరుగ ఉంటది. నీకు లోకల్ స్టేటస్ ఎక్కడుందో ముందు చూస్కో, 6 నుంచి ఇంటర్ దాక చదివిన స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే జమ చేస్కో. కౌన్సెలింగ్ అప్పుడు అందరు ఉరికేది ఆ కాయితాల కోసమే.

పేపర్ 120 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కుల్లేవు. జీకే, మెంటల్ ఎబిలిటీకి 30, కరెంట్ అఫైర్స్‌కి 30, లా ఆప్టిట్యూడ్‌కి 60. క్వాలిఫై కావాలంటే 35 శాతం, అంటే 42 మార్కులు. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కులు లేవు. ప్రశ్నకు 45 సెకన్లే, గుర్తు పెట్టుకో. జీకే దగ్గర గోళ్లు కొరుక్కుంట కూసుంటే లా ఆప్టిట్యూడ్ చివర్ల మిగిలిపోతది. సగం మార్కులు ఆడనే ఉన్నయి, ముందు దాన్ని పట్టు. రాజ్యాంగం అధికరణలు, కాంట్రాక్టు, టార్టుల (పౌర తప్పిదాల) మూలసూత్రాలు, లాటిన్ మాటలు వస్తయి. రెస్ జుడికేటా, హేబియస్ కార్పస్ అసోంటివి.

డిగ్రీల ఓసీకి 45, బీసీకి 42, ఎస్సీ, ఎస్టీకి 40 శాతం ఉండాలె. 44.8 ఉంటే 45 అనుకుందాం అంటే నడవది. ఇంకోటి, ఇంటర్ చదవకుండ డైరెక్టుగ ఓపెన్ డిగ్రీ చేసినోళ్లకు ఎల్ఎల్‌బీ అర్హత లేదు. ఈ సంగతి తెలువక ఫీజు కట్టినోళ్లు ఏటా కనవడ్తరు.

కవర్‌డ్రైవ్_కాకినాడ | శనివారం రాత్రి 9:55
థాంక్యూ అన్నా. తమ్ముడు కాదు, చెల్లి :) రెగ్యులర్ ఇంటర్, రెగ్యులర్ డిగ్రీ, 45 దాటాయి.

ఓయూ_క్యాంటీన్ | శనివారం రాత్రి 9:58
సారీ చెల్లె. అయితే సీటుకు ఢోకా లేదు, మంచి కాలేజీకే ర్యాంకు కావాలె.

నైట్‌డెస్క్ | శనివారం రాత్రి 11:48
పేజీ ప్రింటుకి వదిలి వచ్చాను. జర్నలిజం వైపు నుంచి చెప్తా.

తెలుగు పత్రికల్లో స్పోర్ట్స్ ఉద్యోగం అంటే ప్రెస్ బాక్స్‌లో కూర్చుని మ్యాచ్ చూడటం అనుకుంటారు. పదింట ఎనిమిది పాళ్లు డెస్క్ పనే. ఏజెన్సీ ఇంగ్లిష్ కాపీని తెలుగులో తిరగరాయడం, హెడ్డింగ్, ఫొటో క్యాప్షన్, స్కోరు బాక్సు, పేజీ పెట్టించడం. ఐపీఎల్ మ్యాచ్ అయ్యేసరికి రాత్రి పదకొండున్నర దాటుతుంది. దూరపు జిల్లాలకి వెళ్లే ఎడిషన్ అప్పటికే ప్రింటుకి వెళ్లిపోతుంది. అందుకే ఒకే మ్యాచ్‌కి మూడు కాపీలు సిద్ధం చేసుకోవాలి: మొదటి ఇన్నింగ్స్ వరకే ఉన్నది, ఛేదన సగంలో ఉన్నది, ఫలితంతో ఉన్నది. ఫలితం కాపీ కూడా గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి ముందే రాసి పెట్టుకుంటారు. తప్పు జరిగేది ఇక్కడే. ఓడిన కాపీలో గెలిచినప్పటి హెడ్డింగ్ ఉండిపోతుంది.

చేరే దారులు రెండు. విశ్వవిద్యాలయంలో ఎంసీజే, దానికి తెలంగాణలో సీపీగెట్, ఏపీలో పీజీసెట్ రాయాలి. లేదా పెద్ద దినపత్రికల సొంత జర్నలిజం స్కూళ్లు. వాళ్లు నోటిఫికేషన్ ఇచ్చి రాత పరీక్ష, ఇంటర్వ్యూ పెడతారు. శిక్షణలో భృతి ఇస్తారు, ఆ తర్వాత కొన్నేళ్లు అక్కడే చేస్తామని బాండు రాయించుకుంటారు. సంతకం పెట్టే ముందు ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్న రెండు గడులు చదవండి. రాత పరీక్షలో వాళ్లు చూసేది అనువాదం, తెలుగు వాక్యం, వర్తమాన వ్యవహారాలు. క్రికెట్ గణాంకాలు ఎన్ని కంఠతా వచ్చినా "క్లించ్డ్ ద సిరీస్" అన్నదాన్ని "సిరీస్‌ను కైవసం చేసుకుంది" అని తప్ప ఇంకోలా రాయలేకపోతే కష్టం. కైవసాలు, జయకేతనాలు, బోణీ కొట్టడాలు పాఠకుడికి మొహం మొత్తి చాలాకాలమైంది. అయినా మా పేజీల నిండా అవే, అది వేరే విషయం.

విదేశీ పేర్లు ఇంకో చిక్కు. పోలండ్ టెన్నిస్ క్రీడాకారిణిని స్వియాటెక్ అని రాయడం మన పేజీల్లో అలవాటైపోయింది. పోలిష్ వాళ్లు పలికేది ష్వియోంతెక్‌కి దగ్గరగా. డెస్క్ ఏదో ఒకటి ఖాయం చేసుకుని ప్రతిసారీ అదే రాయాలి. ఒకే పేజీలో హెడ్డింగులో ఒకలా, క్యాప్షన్‌లో ఇంకోలా ఉంటే అదే తప్పు.

మీరు డెస్క్‌కి పనికొస్తారో లేదో తేల్చే పరీక్ష ఒకటి పెడతా. ఈ స్కోరుకార్డు సరిచూడండి.

బ్యాటింగ్ (ఒకటో నంబరు నుంచి వరసగా): 34, 8, 51, 17, 12 (రనౌట్), 9, 6, 3, 4 నాటౌట్, 2 నాటౌట్. ఎక్స్‌ట్రాలు 12 (లెగ్‌బైలు 5, వైడ్లు 6, నోబాల్ 1). మొత్తం 20 ఓవర్లలో 8 వికెట్లకు 158. రనౌట్ ఒక్కటే.
బౌలింగ్ (ఓవర్లు-మెయిడెన్లు-పరుగులు-వికెట్లు): 4-0-27-1, 4-0-35-2, 4-0-31-0, 4-1-22-3, 4-0-43-2.

తప్పుంది. ఎక్కడో చెప్పండి. గూగుల్ పనికిరాదు, ఈ మ్యాచ్ జరగలేదు.

మిడాన్ | ఆదివారం ఉదయం 7:30
కార్డు జోలికి నేను వెళ్లను, అడిగినావిడనే చెప్పనిద్దాం. ఆ అంకెలతోనే నెట్ రన్‌రేట్ సంగతి ఒకటి. అవతలి జట్టు 17.4 ఓవర్లలో 131కి ఆలౌటైందనుకోండి. ఆలౌటైతే ఆడిన ఓవర్లు కాదు, మొత్తం కోటా 20 ఓవర్లూ లెక్క. 158ని 20తో భాగిస్తే 7.90, 131ని 20తో భాగిస్తే 6.55, తేడా 1.35. కొత్తవాళ్లు 131ని 17.4తోనే భాగించేసి తేడా 0.37 అని వేస్తారు. అందులో రెండు తప్పులు. కోటా ఓవర్లు తీసుకోకపోవడం ఒకటి, 17.4 ఓవర్లంటే 17 ఓవర్ల 4 బంతులు, దశాంశంలో 17.667 అని మరిచిపోవడం ఇంకోటి. ప్లేఆఫ్ ముందురోజు పట్టికలో ఈ తప్పు పడితే ఉదయం ఆరుకే ఫోన్లు మొదలవుతాయి.

లొసాన్_బస్సు | ఆదివారం ఉదయం 10:05
మూడో ప్రశ్న నాకు వదిలేశారు కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

స్పోర్ట్స్ లా అనే చట్టం ఒకటి విడిగా లేదు. కాంట్రాక్టు, ఆర్బిట్రేషన్, రాజ్యాంగం, మేధోసంపత్తి, డోపింగ్ నియమాలు ఆట చుట్టూ పోగైతే దాన్ని ఆ పేరుతో పిలుస్తున్నాం. చదవాల్సిన తీర్పులు కొన్నే. 2005లో జీ టెలిఫిలిమ్స్ కేసులో సుప్రీంకోర్టు, బీసీసీఐ రాజ్యాంగం 12వ అధికరణ కింద రాజ్యం కాదంది. కాబట్టి దాని మీద 32 కింద సుప్రీంకోర్టుకి రాలేరు, 226 కింద హైకోర్టుకి వెళ్లొచ్చు. 2015లో బిహార్ క్రికెట్ సంఘం కేసులో, బీసీసీఐ చేసేవి ప్రజా విధులు అన్న పునాది మీదే బోర్డు సంస్కరణలకి లోధా కమిటీ వచ్చింది. మన ఇంటి ఉదాహరణ కావాలంటే హైదరాబాద్ క్రికెట్ సంఘం: 2023లో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావును ఏకసభ్య కమిటీగా సుప్రీంకోర్టు నియమించింది. ఆ ఉత్తర్వులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. సంఘం నిబంధనావళిని పక్కన పెట్టుకుని చదవండి, క్లబ్బుల ఓట్ల మీద ఎందుకంత గొడవో అర్థమవుతుంది.

2025 ఆగస్టులో జాతీయ క్రీడా పాలన చట్టం వచ్చింది. జాతీయ క్రీడా బోర్డు, జాతీయ క్రీడా ట్రిబ్యునల్ అందులోవి. ట్రిబ్యునల్ మీద అప్పీలు సుప్రీంకోర్టుకే. ఈ చట్టం రాకముందు అచ్చైన నోట్సు కొనకండి.

డోపింగ్ కేసుల్లో రోజుల లెక్కే ప్రాణం. ఎ శాంపిల్ పాజిటివ్ అని నోటీసొస్తే బి శాంపిల్ (అప్పుడే రెండో సీసాలో దాచిన భాగం) పరీక్ష అడిగే గడువు అందులోనే ఉంటుంది. అభియోగ నోటీసు వచ్చిన 20 రోజుల్లో తప్పు ఒప్పుకుని శిక్షకి అంగీకరిస్తే, నాలుగేళ్లు అంతకు మించి పడే నిషేధంలో ఏడాది తగ్గుతుంది. చాలా ఇళ్లలో ఆ 20 రోజులూ కోచ్‌ని తిట్టడంలో అయిపోతాయి. ఒంట్లో పదార్థం ఉంటే చాలు, ఉల్లంఘన జరిగినట్టే. ఎలా వచ్చిందో చూపాల్సింది క్రీడాకారుడే. "డాక్టరు రాసిచ్చిన మందు" అన్నది శిక్ష తగ్గించే వాదన అవుతుందేమో గాని నిర్దోషిగా బయటపడేసేది కాదు. మందు తప్పనిసరైతే చికిత్సా మినహాయింపు ముందే తీసుకోవాలి. అంతర్జాతీయ క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి అప్పీలు గడువు, సంబంధిత నియమావళిలో వేరే చెప్పకపోతే 21 రోజులు.

లొసాన్_బస్సు | ఆదివారం ఉదయం 10:31
ఇంకో మాట, రిపోర్టర్లకీ లాయర్లకీ కలిపి. 2024 పారిస్‌లో వినేశ్ ఫొగాట్ 50 కిలోల విభాగంలో ఫైనల్ చేరింది. రెండో రోజు ఉదయం తూకంలో 100 గ్రాములు ఎక్కువొచ్చాయి. ఆ రోజంతా మన చానళ్లలో కుట్ర ఉందా లేదా అన్న చర్చే. ప్రపంచ రెజ్లింగ్ నియమాల్లో 11వ అధికరణ ఒక్కసారి తెరిస్తే ప్రశ్న మారిపోయేది. మొదటి తూకం గాని రెండోది గాని తప్పితే పోటీ నుంచి తొలగిస్తారు, ర్యాంకు లేకుండా చివరి స్థానంలో పెడతారు. అంటే మొదటి రోజు గెలిచిన మూడు బౌట్లకీ విలువ పోతుంది. అసలు వాదన అక్కడుంది: రెండో రోజు తప్పుకి మొదటి రోజు ఫలితం ఎందుకు చెరిగిపోవాలి? ఆమె తరఫున అడిగింది ఉమ్మడి రజతం. నియమం కఠినమైనదే కావచ్చు, రాసి ఉన్నదాన్ని మార్చే అధికారం మధ్యవర్తికి లేదు. ఆగస్టు 14న అప్పీలు కొట్టేశారు. స్పోర్ట్స్ పేజీకి లా చదివినవాళ్లు ఎందుకు కావాలంటే ఇదిగో, ఇందుకు. ఆ రోజు ఆ 11వ అధికరణ నాలుగు వాక్యాల్లో తెలుగులో రాసి పెడితే చాలు.

నల్లకోటు | ఆదివారం మధ్యాహ్నం 12:15
లొసాన్ గారు చెప్పినవన్నీ నిజమే. కానీ కాకినాడలోనో హైదరాబాద్‌లోనో ఎన్‌రోల్ అయిన జూనియర్‌కి మొదటి మూడేళ్లలో ఇలాంటి ఫైలు ఒక్కటి కూడా రాకపోవచ్చు. వచ్చేవి చెక్ బౌన్స్ కేసులు, ఇంజంక్షన్ ఐఏలు (మధ్యంతర దరఖాస్తులు), మోటారు ప్రమాదాల ఓపీలు (పరిహార పిటిషన్లు). స్పోర్ట్స్ లా చేస్తానని బోర్డు పెట్టుకుంటే బోర్డు ఖర్చు దండగ. బోర్డు మీద స్పెషలైజేషన్ రాయకూడదని నియమం కూడా ఉందనుకోండి. మీరు చేయాల్సింది ఆర్బిట్రేషన్ బాగా చేసే సీనియర్ దగ్గర చేరడం. ఆటగాడి కాంట్రాక్టైనా అపార్ట్‌మెంట్ బిల్డర్ కాంట్రాక్టైనా, గడువు, రద్దు, నష్టపరిహారం, వివాద పరిష్కార క్లాజులు ఒకేలా చదవాలి.

లొసాన్_బస్సు | ఆదివారం మధ్యాహ్నం 12:40
ఒప్పుకుంటా. ఇంకో హెచ్చరిక నేనే కలుపుతా: ఫాంటసీ యాప్‌ల లీగల్ టీముల్లో ఉద్యోగాలు అంటూ పాత వీడియోలు చూసి మోసపోకండి. డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025 ఆగస్టులో కేంద్ర చట్టం నిషేధించింది. తెలంగాణ 2017లోనే, ఏపీ 2020లోనే అలాంటి నిషేధాలు పెట్టాయి.

బేర్‌యాక్ట్ | ఆదివారం సాయంత్రం 4:02
కోర్సు లోపల ఏముంటుందో ఎవరూ చెప్పలేదు. మూడేళ్లు, ఆరు సెమిస్టర్లు. చాలామంది తేలిగ్గా తీసుకుని దెబ్బతినేది ప్రాక్టికల్ పేపర్ల దగ్గర. మూట్ కోర్టు (నమూనా కేసు వాదించడం), ఇంటర్న్‌షిప్ పేపర్‌కి 100 మార్కులు. మూడు మూట్‌లకి 30. ఒక్కోదానికి పది, అందులో రాతపూర్వక వాదనకి అయిదు, నోటి వాదనకి అయిదు. ఒక సివిల్, ఒక క్రిమినల్ కేసు విచారణ చూసి రాసిన దానికి 30. కక్షిదారులతో మాట్లాడటం, కాగితాల తయారీ, ఫైలింగ్ చూసి రాసిన డైరీకి 30. వైవాకి 10.

ఆ విచారణ రికార్డు సీనియర్ బ్యాచ్ పుస్తకం చూసి ఎక్కించేస్తారు. వైవాలో ఎగ్జామినర్ అడిగేది చిన్న ప్రశ్న: "చీఫ్ అఫిడవిట్ వేశారా, బాక్సులో చెప్పించారా?" సివిల్ కేసులో సాక్షి చీఫ్ (తనను పిలిచిన పక్షం తరఫున మొదట చెప్పే సాక్ష్యం) అఫిడవిట్ రూపంలో వస్తుంది, క్రిమినల్‌లో బోనెక్కి చెప్తాడు. కోర్టు హాల్లో ఒక గంట కూర్చుంటే ఇది తెలిసిపోతుంది. కూర్చోనివాళ్లు ఇక్కడే దొరికిపోతారు.

ఇంటర్న్‌షిప్ మూడేళ్ల కోర్సులో మొత్తం 12 వారాలు తగ్గకూడదు, ఏ ఏడాదిలోనూ ఏకబిగిన నాలుగు వారాలు మించకూడదు. చివరి సెమిస్టర్‌లో ఒక్కసారే లాగించేద్దామంటే లెక్క కుదరదు.

పుస్తకాల విషయం. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ బదులు నాగరిక్ సురక్షా సంహిత, ఎవిడెన్స్ చట్టం బదులు సాక్ష్య అధినియం. 420 ఇప్పుడు 318(4). 302 ఇప్పుడు 103(1). ముందస్తు బెయిలు 438 ఇప్పుడు 482. జాగ్రత్త, పాత 482 అంటే హైకోర్టు స్వతస్సిద్ధ అధికారం, అది కొత్తదాంట్లో 528. ఈ ఒక్క నంబరు దగ్గర పిటిషన్లు తప్పు ప్రొవిజన్‌తో పడి స్క్రూటినీలో రిటర్నవుతుంటాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకి పాత ఐపీసీయే కాబట్టి రెండు సంహితలూ పక్కపక్కన పెట్టుకోక తప్పదు. పాత బేర్ యాక్టులు (వ్యాఖ్యానం లేని చట్టం పుస్తకాలు) తూకానికి వేసేయకండి.

కవర్‌డ్రైవ్_కాకినాడ | ఆదివారం సాయంత్రం 6:20
చాలా ఉపయోగపడుతోంది. డిగ్రీ తర్వాత ఎన్‌రోల్‌మెంట్‌కి ఖర్చెంత? జడ్జి పరీక్ష వెంటనే రాయొచ్చా? మా నాన్నగారి ఆశ అది.

నల్లకోటు | ఆదివారం సాయంత్రం 7:05
2024 జులై 30న సుప్రీంకోర్టు గౌరవ్ కుమార్ కేసులో తేల్చేసింది. అడ్వకేట్స్ చట్టం 24వ సెక్షన్‌లో ఉన్నదానికి మించి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు వసూలు చేయకూడదు. జనరల్ వారికి 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకి 125, స్టాంపు డ్యూటీ ఉంటే అది అదనం. అంతకుముందు రాష్ట్రాలు వేలల్లో తీసుకునేవి. ప్రాక్టీస్ చేయాలంటే ఆలిండియా బార్ ఎగ్జామ్ కూడా పాసవ్వాలి. 100 ప్రశ్నలు, నెగెటివ్ లేదు, జనరల్, ఓబీసీకి 45 శాతం, ఎస్సీ, ఎస్టీకి 40. నోట్సు రాయని బేర్ యాక్టులు హాల్లోకి తీసుకెళ్లొచ్చు. పుస్తకం చూసి రాయొచ్చన్న ధీమాతోనే తప్పుతారు. సెక్షన్ ఎక్కడుందో తెలియకపోతే పుస్తకం బరువే గాని ఉపయోగం లేదు.

జడ్జి పరీక్ష వెంటనే కుదరదు. 2025 మే 20 తీర్పుతో జూనియర్ సివిల్ జడ్జికి మూడేళ్ల ప్రాక్టీస్ నిబంధన తిరిగొచ్చింది. ప్రొవిజనల్ (తాత్కాలిక) ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచి లెక్క. పదేళ్ల అనుభవమున్న న్యాయవాది సర్టిఫికెట్ ఇవ్వాలి, దాన్ని అక్కడి ప్రధాన న్యాయాధికారి ధ్రువీకరించాలి. కాబట్టి ఎల్ఎల్‌బీ అయ్యాక పత్రికలో చేరి ప్రాక్టీస్ నిలిపేస్తే ఈ మూడేళ్ల గడియారం కూడా ఆగుతుంది. మీ నాన్నగారికి ఈ ముక్క ముందే చెప్పండి. మొదటి ఏళ్లలో సీనియర్ ఏమిస్తారన్నది కూడా. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో జూనియర్లకి పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇమ్మని సూచించింది. అది సూచన మాత్రమే, తప్పనిసరి కాదు.

నైట్‌డెస్క్ | ఆదివారం రాత్రి 11:55
రిపోర్టింగ్‌కి వెళ్తే లా ఎక్కడ అక్కరకొస్తుందో రెండు ముక్కలు. పరువునష్టం ఇప్పుడు న్యాయ సంహిత 356. "నిజమే కదా రాశాం" అంటే చాలదు, అది ప్రజాహితం కోసం అని కూడా చూపాలి. సంఘం కార్యదర్శి నిధులు తిన్నాడని ఎవరో అంటే ఆ మాట ఎవరన్నారో, ఏ కాగితంలో ఉందో లేకుండా వేయకూడదు. ఫలానా ఆడిట్ నివేదికలో ఇలా ఉంది అని రాయడం వేరు, తిన్నాడు అని రాయడం వేరు.

రెండోది అక్రిడిటేషన్, అంటే పోటీలు కవర్ చేయడానికిచ్చే గుర్తింపు కార్డు. ఒలింపిక్స్‌లో రాసేవాళ్లకి ఇ, ఫొటోగ్రాఫర్లకి ఇపి, హక్కుల్లేని ప్రసార సంస్థలకి ఇఎన్ఆర్. ఇ, ఇపి కోటా మనకి భారత ఒలింపిక్ సంఘం ద్వారా వస్తుంది. హక్కులు లేనివాళ్లు స్టేడియంలో ఆట దృశ్యం ఫోన్‌తో తీసి పెడితే కార్డు లాక్కుంటారు. రీల్స్ కోసం కక్కుర్తిపడి కార్డు పోగొట్టుకుంటే మిగిలిన రోజులు హోటల్ గదిలో టీవీ చూసి రాయడమే.

మీ పరిస్థితికి నా సలహా, ఎవరూ అడక్కపోయినా: ఎల్ఎల్‌బీలో చేరండి, ఎన్‌రోల్‌మెంట్ తొందరపడకండి. చదువుతున్నన్నాళ్లూ పత్రికలకి బయటి నుంచి రాయండి. నల్సార్‌లో దూరవిద్యలో మీడియా చట్టాల పీజీ డిప్లొమా ఉంది, బేర్‌యాక్ట్ గారు చెప్పిన మినహాయింపు అక్కడ పనికొస్తుందేమో మీ కాలేజీని రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. మూడో ఏడాదిలో కోర్టా డెస్కా తేల్చుకోవచ్చు. అవునూ, ఆ స్కోరుకార్డు ఏమైంది?

కవర్‌డ్రైవ్_కాకినాడ | సోమవారం ఉదయం 6:40
రాత్రి కూర్చున్నా. బ్యాటర్ల పరుగులు కూడితే 146, ఎక్స్‌ట్రాలు 12, మొత్తం 158. అటువైపు తప్పు లేదు. బౌలర్లు ఇచ్చినవి 27, 35, 31, 22, 43, కూడితే 158. కానీ లెగ్‌బైలు బౌలర్ ఖాతాలో పడవు. వైడ్లు, నోబాల్ పడతాయి. కాబట్టి 153 ఉండాలి. 5 ఎక్కువ ఉంది.

నల్లకోటు | సోమవారం ఉదయం 7:15
బాగుంది. కానీ ఇంకోటి వదిలేశారు. పడిన వికెట్లు 8, అందులో రనౌట్ ఒకటి. రనౌట్ బౌలర్‌కి రాదు. బౌలర్లకి 7 రావాలి, కార్డులో 1, 2, 0, 3, 2 కలిపి 8 ఉన్నాయి.

కవర్‌డ్రైవ్_కాకినాడ | సోమవారం ఉదయం 7:22
అయ్యో, రనౌట్ కళ్లముందే ఉంది. అయితే చివరి బౌలర్‌ది 4-0-38-1 అని దిద్దితే రెండూ సరిపోతాయి కదా?

నైట్‌డెస్క్ | సోమవారం మధ్యాహ్నం 1:30
సరిపోతాయి. 4-0-35-2 అన్నదాన్ని 4-0-30-1 చేసినా సరిపోతాయి. 22-3ని 17-2 చేసినా సరిపోతాయి. కూడిక తప్పుందని మాత్రమే చెప్తుంది, ఎవరి దగ్గరుందో చెప్పదు. అయిదు పరుగులూ ఒక వికెట్టూ ఒకే బౌలర్ దగ్గర ఉండాలని కూడా లేదు. స్కోరర్‌కి ఫోన్ చేసి, షీట్ ఫొటో తెప్పించుకుని, అప్పుడు దిద్దాలి. ఫోన్ దొరక్కపోతే బౌలింగ్ వరస తీసేసి మిగతా కార్డు వేయండి.